ఒక్కసారి వాడి పారేసే కార్డు నంబర్: ఆన్‌లైన్ షాపింగ్‌లో అసలు కార్డు బయటపడకుండా ఏం చేయాలి?

రంజాన్ నెల సగం దాటిందంటే మన ఇండ్లలో సగం షాపింగ్ ఫోన్ మీదే నడుస్తుంది. పిల్లలకు కుర్తాలు, అమ్మీకి డ్రెస్ మెటీరియల్, అబ్బాకు అత్తర్, వంటింటికి కొత్త మిక్సీ. పెద్ద కంపెనీల యాప్‌లే కాదు, ఇన్‌స్టాగ్రామ్‌లో నిన్న మొన్న కనిపించిన షాపుల్లో కూడా కొంటున్నాం. కార్డు మీదున్న 16 అంకెలు, గడువు తేదీ, వెనక ఉన్న మూడంకెల సీవీవీ టైప్ చేస్తాం, ఓటీపీ కొడతాం, పని అయిపోతుంది. చాలా ఇండ్లలో ఆ కార్డు జీతం పడే ఖాతాదే. ఇంటి అద్దె, స్కూల్ ఫీజు, గల్ఫ్ నుంచి భాయ్ పంపిన పైసలు, అన్నీ అందులోనే ఉంటాయి.

అంటే ఎనిమిది వందల కుర్తా కోసం ఇంటి మొత్తం హిసాబ్ ఉన్న ఖాతా తాళంచెవిని ముక్కూమొహం తెలియని షాపు ముందు పెడుతున్నామన్నమాట. దీనికి బ్యాంకులు ఎప్పుడో ఒక ఉపాయం కనిపెట్టాయి. అసలు కార్డు నంబర్ ఇవ్వకుండా దాని బదులు ఒక తాత్కాలిక నంబర్ ఇవ్వడం. దీన్నే వర్చువల్ కార్డు అనీ, ఒక్కసారికే పనికొచ్చేదైతే డిస్పోజబుల్ కార్డు నంబర్ అనీ అంటారు. అది ఎలా పనిచేస్తుంది, మన దేశంలో ఏ రూపంలో దొరుకుతుంది, ఏ ప్రమాదం నుంచి కాపాడుతుంది, ఏ ప్రమాదం నుంచి కాపాడదు అన్న వివరాలు ఇవి.

ముందు కార్డు మీది అంకెల సంగతి

కార్డు నంబర్‌లో అంకెలు ఇష్టం వచ్చినట్టు వేసినవి కావు. మొదటి అంకెలను బట్టి అది ఏ నెట్‌వర్క్‌దో తెలుస్తుంది. వీసా కార్డు 4తో మొదలవుతుంది. మాస్టర్‌కార్డ్ 5తో గానీ 2తో గానీ మొదలవుతుంది. మొదటి ఆరు లేదా ఎనిమిది అంకెలు కార్డు ఇచ్చిన బ్యాంకును సూచిస్తాయి. మధ్యలోవి మీ ఖాతాకు సంబంధించినవి. చివరి అంకె తనిఖీ అంకె. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ అనే ఇంజనీర్ 1950లలో కనిపెట్టిన లెక్క ప్రకారం ముందున్న అంకెలన్నిటి నుంచి ఈ చివరి అంకె వస్తుంది. మీరు ఒక అంకె తప్పు కొడితే వెబ్‌సైట్ వెంటనే "నంబర్ సరిగా లేదు" అని చెప్పేది దీనివల్లే.

ఈ లెక్క రహస్యం ఏమీ కాదు, ఎవరైనా వేయొచ్చు. అందుకే "వర్చువల్ కార్డు జనరేటర్" అని గూగుల్‌లో వెతికితే బోలెడు వెబ్‌సైట్లు వస్తాయి. అవి ఇచ్చే నంబర్లు ఈ లెక్కకు సరిపోతాయి గానీ వాటి వెనక బ్యాంకు ఉండదు, ఖాతా ఉండదు. సాఫ్ట్‌వేర్ వాళ్లు తమ ప్రోగ్రాములను పరీక్షించుకోవడానికి అలాంటివి వాడతారు. వాటితో ఏదీ కొనలేం. పైగా అలాంటి కొన్ని సైట్లు "ముందు మీ అసలు కార్డు వివరాలు ఇవ్వండి" అని అడుగుతాయి. అక్కడే మోసం ఉంటుంది. నిజమైన వర్చువల్ నంబర్ మీ బ్యాంకు నుంచో, లైసెన్స్ ఉన్న పేమెంట్ సంస్థ నుంచో మాత్రమే వస్తుంది.

తాత్కాలిక నంబర్ వెనక ఏం జరుగుతుంది?

మీరు షాపు పేజీలో నంబర్ కొట్టగానే ఆ సమాచారం షాపు పేమెంట్ గేట్‌వేకు, అక్కడి నుంచి షాపు బ్యాంకుకు, ఆ తర్వాత వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్‌కు, చివరికి మీ బ్యాంకుకు చేరుతుంది. మీ బ్యాంకు "సరే" అంటేనే పేమెంట్ జరుగుతుంది.

వర్చువల్ నంబర్ వాడినా దారి ఇదే. తేడా అంతా చివరి మెట్టు దగ్గర ఉంది. ఈ నంబర్ ఏ అసలు ఖాతాకు చెందినదో మీ బ్యాంకుకు ఒక్కదానికే తెలుసు. అది తన పట్టికలో చూసుకుని, మీరు పెట్టిన లిమిట్ దాటిందా, గడువు అయిపోయిందా, ఇంతకుముందే వాడేశారా అని తనిఖీ చేసి, అన్నీ సరిగా ఉంటేనే అసలు ఖాతా నుంచి డబ్బు కట్ చేస్తుంది. దారిలో ఉన్న షాపుకు గానీ గేట్‌వేకు గానీ అసలు నంబర్ కనిపించదు.

కామర్స్ చదివిన వాళ్లకు చెప్పాలంటే ఇది మెయిన్ ఖాతా కింద తెరిచిన చిన్న సబ్ లెడ్జర్ లాంటిది. బయటివాడు చూసేది సబ్ లెడ్జర్ నంబర్ మాత్రమే. పని అయ్యాక ఆ పేజీ మూసేస్తే మెయిన్ ఖాతాకు ఏమీ కాదు.

రేపు ఆ షాపు సర్వర్‌ను ఎవరైనా హ్యాక్ చేసినా వాళ్ల చేతికి దొరికేది చెల్లని నంబర్. అసలు కార్డు బ్లాక్ చేయనక్కర లేదు, కొత్త కార్డు కోసం వారం పది రోజులు ఎదురుచూడనక్కర లేదు.

వీటిలో రకాలు

పేరు ఒకటే అయినా లోపల మూడు నాలుగు రకాలున్నాయి. తేడా తెలియక చాలామంది పొరబడుతున్నారు.

1. ఒక్కసారి నంబర్: ఒక పేమెంట్ అవ్వగానే చచ్చిపోతుంది. పేరు తెలియని షాపుకు ఇదే మంచిది.

2. ఒక షాపుకే కట్టేసిన నంబర్: మొదటిసారి ఏ షాపులో వాడితే ఆ షాపులోనే పనిచేస్తుంది. దొంగిలించినా ఇంకోచోట చెల్లదు. నెలనెలా కట్టేవాటికి అనుకూలం.

3. లిమిట్, గడువు ఉన్న నంబర్: "రూ. 2,000 వరకు, రెండు రోజుల వరకు" అని మీరే పెట్టుకుంటారు.

4. శాశ్వత వర్చువల్ కార్డు: ప్లాస్టిక్ కార్డు లేకుండా యాప్‌లో మాత్రమే కనిపించే కార్డు. కోటక్ 811 ఖాతాతో ఇచ్చే వర్చువల్ డెబిట్ కార్డు ఇలాంటిదే. దీని నంబర్ దానంతట అది మారిపోదు. "వర్చువల్" అన్న మాట ఉంది కదా అని ఇది డిస్పోజబుల్ అనుకోవద్దు. షాపు దగ్గర లీకైతే మామూలు కార్డు లాగే ప్రమాదం.

ఎక్కడ మొదలైంది?

ఈ ఆలోచన అమెరికా, ఐర్లాండ్‌లలో పాతికేళ్ల కిందటిది. 2000 సెప్టెంబర్‌లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ "ప్రైవేట్ పేమెంట్స్" పేరుతో ఒక్కసారి వాడే నంబర్లు ప్రకటించింది. అప్పట్లో జనానికి ఇంటర్నెట్‌లో కార్డు నంబర్ కొట్టాలంటేనే భయం. అయినా అది ఎక్కువ కాలం నడవలేదు, 2004లో ఆపేశారు. డబ్లిన్‌లోని ఆర్బిస్కామ్ అనే కంపెనీ ఈ టెక్నాలజీని పలు బ్యాంకులకు అమ్మింది. 2009లో ఆ కంపెనీని మాస్టర్‌కార్డ్ కొనేసింది. బ్యాంక్ ఆఫ్ అమెరికా "షాప్‌సేఫ్" పేరుతో చాలా ఏళ్లు ఇచ్చి 2019లో మూసేసింది.

ఇంత మంచి సౌకర్యం ఎందుకు మూతపడింది? ప్రతిసారి బ్యాంకు సైట్‌లోకి వెళ్లి నంబర్ తయారు చేసుకోవడం జనానికి విసుగు. ఇంకో కారణం, దొంగ పేమెంట్ జరిగినా అమెరికాలో క్రెడిట్ కార్డు ఉన్నవాళ్ల మీద పడే భారం చట్టం ప్రకారం 50 డాలర్లకు మించదు. దాంతో అంత జాగ్రత్త ఎందుకు అనుకున్నారు. స్మార్ట్‌ఫోన్ వచ్చాక నంబర్ తయారీ రెండు క్లిక్కుల పని అయ్యింది, ఆ సౌకర్యానికి మళ్లీ ప్రాణం వచ్చింది. ఇప్పుడు అమెరికాలో క్యాపిటల్ వన్, సిటీ, ప్రైవసీ డాట్ కామ్ లాంటివి, బ్రిటన్, యూరప్‌లలో రెవల్యూట్ లాంటివి ఇస్తున్నాయి. అక్కడ ఉంటున్న మన పిల్లలు, అన్నదమ్ములు తమ బ్యాంకు యాప్‌లో కార్డుల భాగం తెరిచి చూస్తే చాలు.

మన దేశంలో పరిస్థితి

మన దగ్గర కూడా ఇది కొత్త కాదు. హెచ్‌డీఎఫ్‌సీ "నెట్‌సేఫ్" పేరుతో, కోటక్ "నెట్‌కార్డ్" పేరుతో, స్టేట్ బ్యాంక్ "వర్చువల్ కార్డు" పేరుతో నెట్ బ్యాంకింగ్‌లో ఇచ్చాయి. స్టేట్ బ్యాంక్ కార్డును రూ. 100 నుంచి రూ. 50,000 వరకు విలువతో తయారు చేసుకోవచ్చు. ఒక పేమెంట్ జరిగేదాకా లేదా 48 గంటల దాకా మాత్రమే చెల్లుతుంది. వాడని డబ్బు ఖాతాలోనే ఉంటుంది. బ్యాంకులు ఈ సేవలను పెడుతుంటాయి, తీసేస్తుంటాయి, పేర్లు మారుస్తుంటాయి. కాబట్టి మీ యాప్‌లో ఇవాళ ఉందో లేదో స్వయంగా చూసుకోవాలి.

అయితే ఇవి మన దగ్గర అంతగా జనంలోకి వెళ్లలేదు. దానికి కారణం రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన మూడు నిబంధనలు. ఇవి ప్రతి కార్డుకూ వర్తిస్తాయి, పైసా ఖర్చు లేదు.

మొదటిది ఓటీపీ. 2009 ఆగస్టు 1 నుంచి మన దేశంలోని సైట్లలో కార్డుతో కొంటే అదనపు ధ్రువీకరణ తప్పనిసరి అయ్యింది. నంబర్, సీవీవీ రెండూ దొంగ చేతికి చిక్కినా ఓటీపీ లేనిదే ఇక్కడి షాపులో కొనలేడు.

రెండోది స్విచ్. 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. కొత్తగా ఇచ్చే కార్డు దేశంలోని ఏటీఎంలో, దుకాణం మెషీన్ మీద మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ పేమెంట్లు కావాలంటే మీరే ఆన్ చేసుకోవాలి, లిమిట్ కూడా మీరే పెట్టుకోవచ్చు.

మూడోది టోకెన్. 2022 అక్టోబర్ 1 నుంచి షాపులు, పేమెంట్ గేట్‌వేలు మీ కార్డు నంబర్‌ను తమ దగ్గర దాచుకోవడానికి వీల్లేదు. దాని బదులు నెట్‌వర్క్ ఇచ్చిన టోకెన్‌ను దాచుకుంటాయి. "ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం మీ కార్డును సేవ్ చేయాలా?" అని యాప్ అడిగేది దీని గురించే.

టోకెన్‌కూ వర్చువల్ నంబర్‌కూ తేడా

రెండూ అసలు నంబర్‌ను దాచేవే. కానీ ఒకటి కాదు.

టోకెన్ విషయంలో మామూలుగా మీరు మొదటిసారి అసలు నంబర్‌నే టైప్ చేస్తారు. ఓటీపీ కొట్టి ఒప్పుకున్నాక దాని స్థానంలో టోకెన్ వస్తుంది. అది ఆ కార్డుకు, ఆ షాపుకు మాత్రమే చెల్లుతుంది. ఇంకో షాపులో ఇదే కార్డు సేవ్ చేస్తే ఇంకో టోకెన్ పుడుతుంది. మీ కార్డు ఎక్కడెక్కడ టోకెన్‌గా ఉందో బ్యాంకు యాప్‌లో చూసి, వద్దనుకున్నవి తీసేయొచ్చు. ఒకసారి తెరిచి చూడండి, ఎప్పుడో మర్చిపోయిన ఫుడ్ యాప్, సినిమా టికెట్ యాప్ అందులో కనిపిస్తాయి.

వర్చువల్ నంబర్ విషయంలో అసలు నంబర్‌ను మొదటిసారి కూడా టైప్ చేయరు. ఈ తేడా చిన్నది కాదు. 2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైట్‌లో హ్యాకర్లు ఒక చిన్న కోడ్ చొప్పించారు. ప్రయాణికులు టికెట్ కొంటూ టైప్ చేస్తున్న కార్డు వివరాలు అప్పటికప్పుడే దొంగలకు చేరాయి. సుమారు నాలుగు లక్షల మంది సమాచారం మీద దీని ప్రభావం పడింది. 2020లో అక్కడి సమాచార కమిషనర్ రెండు కోట్ల పౌండ్ల జరిమానా వేశారు. షాపు నంబర్‌ను దాచినా దాచకపోయినా ఇలాంటి దొంగతనం జరుగుతుంది, ఎందుకంటే దోచింది టైప్ చేసే క్షణంలో. అక్కడ ఒక్కసారి నంబర్ కొట్టి ఉంటే దొంగకు దక్కేది ఏమీ లేదు.

ఎక్కువ అవసరం విదేశీ సైట్లలో

ఇది జాగ్రత్తగా చదవండి. ఓటీపీ తప్పనిసరి అన్నది మన దేశంలోని షాపులకు పెట్టిన నిబంధన. చాలా విదేశీ సైట్లు నంబర్, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు, ఓటీపీ అడగకుండానే డబ్బు తీసుకుంటాయి. అందుకే మన కార్డు వివరాలు కొట్టేసిన దొంగ వాటిని సాధారణంగా విదేశీ సైట్లోనే వాడతాడు. రాత్రి రెండు గంటలకు డాలర్లలో పేమెంట్ అయిందని మెసేజ్ వచ్చిందంటే జరిగింది ఇదే.

కాబట్టి కార్డులో విదేశీ పేమెంట్ల స్విచ్ ఎప్పుడూ ఆఫ్‌లో ఉండాలి. ఉమ్రాకు హోటల్ బుక్ చేయాలన్నా, పిల్లల విదేశీ యూనివర్సిటీ అప్లికేషన్ ఫీజు కట్టాలన్నా ఆ పది నిమిషాలు ఆన్ చేసి, పేమెంట్ అవ్వగానే ఆఫ్ చేయాలి. వర్చువల్ నంబర్ దొరికితే ఇంకా మంచిది, కానీ అది విదేశీ పేమెంట్లకు చెల్లుతుందో లేదో ముందే చూసుకోవాలి. కొన్ని బ్యాంకులవి మన దేశంలోని సైట్లకే పనిచేస్తాయి.

లిమిట్ పెట్టేటప్పుడు చిన్న లెక్క ఉంది. 40 డాలర్ల ఫీజు అనుకుందాం, డాలర్ రూ. 85 అనుకుందాం. అసలు రూ. 3,400. బ్యాంకు మారక రుసుము 3.5 శాతం అయితే రూ. 119. దాని మీద 18 శాతం జీఎస్టీ దాదాపు రూ. 21. మొత్తం సుమారు రూ. 3,540. లిమిట్ సరిగ్గా రూ. 3,400 పెడితే పేమెంట్ ఫెయిల్ అవుతుంది. రూ. 3,700 పెడితే సరిపోతుంది. రూ. 50,000 పెడితే ఇంత చేసి లాభం లేదు.

తయారు చేసుకునే పద్ధతి

బ్యాంకును బట్టి పేర్లు మారతాయి గానీ క్రమం దాదాపు ఒకటే.

1. బ్యాంకు యాప్ లేదా నెట్ బ్యాంకింగ్ తెరవండి. యాప్‌ను ప్లే స్టోర్ నుంచే వేసుకోండి, వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ నుంచి వద్దు.

2. "కార్డులు" అన్న చోట వర్చువల్ కార్డు, ఈ-కార్డు లాంటి పేరు వెతకండి.

3. ఏ ఖాతా మీద కావాలో ఎంచుకోండి. షాపు బిల్లు మొత్తం, డెలివరీ ఛార్జీతో కలిపి లిమిట్ పెట్టండి.

4. గడువు ఎంచుకునే వీలుంటే అన్నిటికన్నా తక్కువది పెట్టండి.

5. ఓటీపీ కొట్టగానే నంబర్, తేదీ, సీవీవీ తెర మీద వస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు.

6. షాపు పేజీలో మామూలు కార్డు లాగే వాడండి. "కార్డు సేవ్ చేయాలా" అంటే వద్దనండి.

7. చివరి నాలుగు అంకెలు, ఆర్డర్ నంబర్ ఒకచోట రాసుకోండి. రిఫండ్ వచ్చేటప్పుడు అవసరం పడుతుంది.

8. పని అయ్యాక కార్డు రద్దు చేసే వీలుంటే రద్దు చేయండి.

మీ బ్యాంకులో ఈ సౌకర్యం లేకపోతే?

కంగారు అవసరం లేదు. ఇంట్లోనే దాదాపు అంతే ఫలితం తెచ్చుకోవచ్చు.

జీతం ఖాతా కాకుండా ఇంకో బ్యాంకులో జీరో బ్యాలెన్స్ ఖాతా తెరవండి. దాని డెబిట్ కార్డును ఆన్‌లైన్‌కు మాత్రమే వాడండి. కొనే ముందు యూపీఐతో ఆ వస్తువు ధర అంత మాత్రమే అందులో వేయండి. మిగతా రోజుల్లో అందులో వంద రూపాయలు కూడా ఉండవు. దొంగ దాని నంబర్ పట్టుకున్నా తీసుకోవడానికి ఏముంటుంది? జీతం ఖాతా కార్డులో మాత్రం ఆన్‌లైన్ స్విచ్ పూర్తిగా ఆఫ్ చేసేయండి.

వడ్డీ కారణంగా మనలో చాలామంది క్రెడిట్ కార్డు తీసుకోరు. అలాంటి ఇండ్లకు ఈ పద్ధతి బాగా సరిపోతుంది. ఇది అప్పు కాదు, మన డబ్బే, వడ్డీ ప్రసక్తి లేదు. అదే సమయంలో డెబిట్ కార్డు వాడేవాళ్లకు జాగ్రత్త ఇంకా ఎక్కువ అవసరం. క్రెడిట్ కార్డులో దొంగ పేమెంట్ జరిగితే ముందు బిల్లులో కనిపిస్తుంది. డెబిట్ కార్డులో అయితే ఖాతాలోంచి నేరుగా పోతుంది, తేలేదాకా ఇంట్లో ఖర్చుకు పైసలు ఉండవు.

యూపీఐతో కట్టినా షాపుకు కార్డు నంబర్ వెళ్లదు. ఒక్కటి గుర్తుంచుకోండి, యూపీఐ పిన్ డబ్బు పంపడానికే. "రిఫండ్ రావాలంటే పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే అది మోసమే.

ఎక్కడ ఇబ్బంది పెడుతుంది?

హోటల్, కారు అద్దె లాంటి చోట్ల బుక్ చేసిన కార్డునే చూపించమంటారు. తాత్కాలిక నంబర్ చూపించలేం. ముందు అడిగి తెలుసుకోండి.

ఒకే ఆర్డర్‌ను మూడు పార్సిళ్లుగా పంపే షాపు మూడుసార్లు డబ్బు కట్ చేస్తే ఒక్కసారి నంబర్ రెండోసారి పనిచేయదు.

రిఫండ్ విషయంలో చాలామందికి భయం. గడువు అయిపోయిన నంబర్‌కు షాపు డబ్బు వెనక్కి పంపినా, ఆ నంబర్ ఎవరిదో బ్యాంకుకు తెలుసు కాబట్టి మామూలుగా అసలు ఖాతాకే చేరుతుంది. రాకపోతే షాపును ఏఆర్‌ఎన్ అడగండి. అది ఆ రిఫండ్‌కు సంబంధించిన 23 అంకెల గుర్తింపు నంబర్. దాన్ని పట్టుకుని బ్యాంకు పైసలు ఎక్కడున్నాయో వెతుకుతుంది. ఆ అసలు ఖాతానే మూసేస్తే మాత్రం తిప్పలు తప్పవు.

"నెల రోజులు ఫ్రీ" అని కార్డు అడిగే యాప్‌లకు ఒక్కసారి నంబర్ ఇస్తే తర్వాతి నెల డబ్బు కట్ కాదు, నిజమే. కానీ కార్డు ఫెయిల్ అయినంత మాత్రాన సభ్యత్వం రద్దయినట్టు కాదు. యాప్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. మన దేశంలో నెలనెలా కార్డు నుంచి కట్ అయ్యేవాటికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలన్న నిబంధన 2021 అక్టోబర్ నుంచి ఉంది. ఆ మెసేజ్ చూసి అక్కడే ఆపేయొచ్చు.

ఇది ఆపలేనివి

తాత్కాలిక నంబర్ కాపాడేది నంబర్ దొంగతనం నుంచి. అన్ని మోసాల నుంచి కాదు.

షాపే దొంగదైతే మీరు కట్టిన రూ. 1,500 పోతాయి, వస్తువు రాదు. మిగతా ఖాతా మాత్రం భద్రం. పండగ ముందు 80 శాతం తగ్గింపు అంటూ పుట్టుకొచ్చే పేజీలను నమ్మే ముందు చిరునామా, జీఎస్టీ నంబర్, వస్తువు వెనక్కి తీసుకునే షరతులు ఉన్నాయా చూడండి. అడ్రస్ బార్‌లో తాళం గుర్తు ఉంటే సమాచారం దారిలో భద్రంగా వెళ్తుందని అర్థం, అంతే. దొంగ సైట్‌కు కూడా తాళం గుర్తు ఉంటుంది. క్యాష్ ఆన్ డెలివరీ ఉంటే కొత్త షాపుకు అదే మేలు.

ఫోన్‌లో ఓటీపీ చెప్పేస్తే ఏ నంబర్ వాడినా లాభం లేదు. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, కేవైసీ అయిపోయింది" అంటూ ఉర్దూలో, తెలుగులో తియ్యగా మాట్లాడేవాళ్లున్నారు. ఇంట్లో నానీమా, ఖాలా చేతిలో ఫోన్ ఉంటే ఈ ఒక్క మాట వాళ్లకు పదిసార్లు చెప్పాలి: ఓటీపీ అడిగేవాడు బ్యాంకువాడు కాదు. స్క్రీన్ షేర్ యాప్ వేసుకోమన్నా అంతే, వెంటనే ఫోన్ పెట్టేయాలి.

పైసలు పోతే ఏం చేయాలి?

ముందు కార్డు బ్లాక్ చేయండి. యాప్‌లో ఒక్క క్లిక్ పని. కస్టమర్ కేర్ నంబర్ కావాలంటే కార్డు వెనక చూడండి, గూగుల్‌లో వెతకొద్దు. అక్కడ దొంగ నంబర్లు ఉంటాయి.

వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇది కేంద్ర ప్రభుత్వ సైబర్ మోసాల హెల్ప్‌లైన్. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. ఎంత తొందరగా చెబితే డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబర్ తీసుకోండి. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంక్ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఎక్కడో జరిగి ఉంటే, సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లోపు చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు భారం గరిష్ఠంగా రూ. 10,000. ఏడు దాటితే బ్యాంకు విధానం మీద ఆధారపడుతుంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లోపు ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లోపు తేల్చాలి. ఓటీపీ మీరే చెప్పి ఉంటే మాత్రం, బ్యాంకుకు తెలియజేసే దాకా జరిగిన నష్టం మీదే. అందుకే మెసేజ్ చూడగానే "పొద్దున చూద్దాంలే" అని పడుకోవద్దు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, వకీల్ అవసరం లేదు. వివరాలకు 14448కి ఫోన్ చేయండి.

తరచుగా అడిగే ప్రశ్నలు

*ఇంట్లో అందరం ఒకే కార్డు వాడుతున్నాం. ఏం చేయాలి?*
ఆన్‌లైన్ కోసం విడిగా చిన్న ఖాతా పెట్టి, అందులో ఎవరు కొంటే వాళ్లు ఆ మొత్తం వేసుకునేలా చూడండి. కార్డు ఫోటో ఫ్యామిలీ గ్రూపులో ఉంటే ఇప్పుడే తీసేయండి, ఆ కార్డు మార్చేయండి.

*వర్చువల్ కార్డుకు విడిగా ఫీజు ఉంటుందా?*
బ్యాంకు మీద ఆధారపడుతుంది. తయారు చేసే ముందు యాప్‌లోని ఛార్జీల పట్టిక చూడండి.

*పెద్ద యాప్‌లలో కూడా ఒక్కసారి నంబర్ వాడాలా?*
రోజూ వాడే నమ్మకమైన యాప్‌లో టోకెన్ చాలు. కొత్త షాపు, విదేశీ సైట్, ఫ్రీ ట్రయల్, ఈ మూడింటికి తాత్కాలిక నంబర్ పెట్టుకోండి.

*ఇవన్నీ ఒకేసారి చేయలేం. ముందు ఏది?*
ఈరోజే బ్యాంకు యాప్ తెరిచి విదేశీ పేమెంట్ల స్విచ్ ఆఫ్ చేయండి, ఆన్‌లైన్ లిమిట్ తగ్గించండి. రెండు నిమిషాల పని. తర్వాత అమ్మీ ఫోన్‌లో, అబ్బా ఫోన్‌లో కూడా 1930 నంబర్ సేవ్ చేసిపెట్టండి.